పొడి సంతకం

ఆడవాళ్ళకు పోటీ పడటం చేతకాదని మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారి నమ్మకం. ఆయన గోదావరి వైపు మనిషి. మాట మెత్తగా ఉండేది, అందుకని ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమయ్యేది. "మీరు బుద్ధిగా పనిచేసుకుపోతారమ్మా, మీకెందుకీ పరుగులు" అనేవారు. అప్పటికి నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. పక్క బల్ల అతను పొద్దుటి నుంచి ఎంత గీశాడో, నేనెంత గీశానో గంటకోసారి ఓరకంట చూసుకుంటూ ఉండేదాన్ని. అతను ముందుంటే నాకు ఆ మధ్యాహ్నం మజ్జిగన్నం సహించేది కాదు. ఈ పోటీలో నేనున్నట్టు నాకొక్కదానికే తెలుసు. అదీ నా బాధ.

అరవైల చివరి మాట ఇది. విజయనగరంలో చెరువులూ కాలవలూ చూసే ఆఫీసు ఒకటి, అందులో నేను ట్రేసర్‌ని, టెంపరరీ. ట్రేసర్ అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియదు. డ్రాఫ్ట్స్‌మన్ దళసరి కాగితం మీద పెన్సిలుతో తూమో, కట్టో గీస్తాడు. దాని మీద గంజి పట్టించిన పల్చటి నీలం గుడ్డ పరిచి, పిన్నులు గుచ్చి, కింద కనబడే ప్రతి గీతనూ నల్లసిరాతో గుడ్డ మీదికి దించాలి. ఆ గుడ్డను అద్దాల చట్రంలో ఎండకు పెట్టి నకళ్ళు తీస్తారు, నీలం మీద తెల్లగీతలు. వాటిని ఫెర్రోలు అనేవాళ్ళం. పని జరిగే చోటుకు వెళ్ళేవి ఆ ఫెర్రోలే, మేస్త్రీ నమ్మేదీ వాటినే.

గుడ్డ మీద చెమటబొట్టు పడితే గంజి కరిగి మచ్చయ్యేది. అందుకని వేసవిలో మణికట్టు కింద జేబురుమాలు పెట్టుకుని గీసేవాళ్ళం. పాడైపోయిన గుడ్డను వేడినీళ్ళలో ఉడకబెడితే గంజంతా పోయి మెత్తటి తెల్లగుడ్డ మిగిలేది. మా ఆఫీసువాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి చొక్కా ఆ గుడ్డదే. ఎవరింట్లో నెలలు నిండుతున్నాయో చూసుకుని మరీ షీట్లు పాడుచేస్తున్నారని హెడ్ గారు విసుక్కునేవారు.

ఆ గదిలో అయిదుగురు మగవాళ్ళు, ఇద్దరం ఆడవాళ్ళం. రెండో ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే పదేళ్ళు పెద్ద, ఏడేళ్ళుగా టెంపరరీ. మగవాళ్ళ పోటీ బాహాటంగా ఉండేది. గీతలు గీసే కలం ముక్కును సానరాయి మీద అరగదీసుకుని, ఇంకొకడు ముట్టుకోకుండా జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయేవారు. సన్నగీత ఎవరిదని టీ పందేలు వేసుకునేవారు. సాయంత్రం పని అయ్యాక హెడ్ గారి బల్ల చుట్టూ చేరేవారు. రేపు ఏ షీటు ఎవరికన్నది ఆ కబుర్లలోనే తేలిపోయేది.

నేను చీపురుపల్లి నుంచి వచ్చేదాన్ని. సాయంత్రం అయిదున్నర ప్యాసింజరు తప్పితే మళ్ళీ ఏడున్నర దాకా బండి లేదు. పొద్దున నేను వచ్చేసరికి పెద్ద తూముల షీట్లు మగవాళ్ళ బల్లల మీద ఉండేవి, పటాల మీద ఊళ్ళ పేర్లు రాసే పని మా బల్లల మీద ఉండేది. "ఆడపిల్లల రాత ముత్యాల్లా ఉంటుంది" అని పైన ఒక పొగడ్త. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండేది. పని ఎక్కువైనప్పుడు మాత్రం మాకూ పెద్ద షీట్లు వచ్చేవి. అలాంటి రోజున నాకు పండగే.

ప్రతి షీటుకూ కుడివైపు కింది మూలలో మూడు గళ్ళు ఉండేవి. గీసినవారు, దించినవారు, సరిచూసినవారు. ఎవరి గడిలో వాళ్ళు పొడి సంతకం పెట్టాలి. నా మొదటి పెద్ద షీటు పూర్తిచేసి, ఇంటిపేరులో ఒక అక్షరం, పేరులో ఒక అక్షరం ఎంత అందంగా పెట్టాలా అని ఆలోచిస్తూ రెండో గడి మీద కలం ఆనించబోతుంటే, అక్క చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"నీకేటైనా పిచ్చేటే? అది మగోలు పెడతారు. మనం పెట్టం."

"ఎందుకు పెట్టం? గీసింది నాను కదా."

"అందుకే పెట్టం" అంది అక్క.

సంగతేమిటంటే, షీటులో తేడా వస్తే రెండో గడిలో ఎవరి సంతకం ఉందో వాళ్ళను సైటుకు రమ్మంటారు. అక్క కొత్తలో సంతకం పెట్టేది. ఒకసారి ఏదో కాలవ షీటులో తేడా వచ్చి, జీపులో సాలూరు అవతలి కొండల్లోకి తీసుకుపోయారు. తిరిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. అత్తవారింట్లో పెద్ద రభస. ఇంకోసారి జీపెక్కితే ఉద్యోగం మానిపించేస్తామన్నారు. అప్పుడు ఆఫీసులో ఉన్న ఒక పెద్దాయన జాలిపడి, "నీకెందుకమ్మా ఆ బాధ, నీ షీట్ల మీద నేను పెట్టేస్తాలే" అన్నాడు. అలా అక్క ఉద్యోగం నిలబడింది. ఆయన బదిలీ అయిపోయాడు గానీ ఆయన దయ మాత్రం ఆఫీసులోనే ఉండిపోయి ఆచారమైంది. నా షీట్ల మీద సంతకం పెట్టే పని పక్క బల్ల అతనికి వచ్చింది.

అతనిది సాలూరు. తండ్రి లారీ డ్రైవరు. నన్ను సెల్లీ అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. లారీల మీద వచ్చిన సీతాఫలాలు సంచీనిండా తెచ్చి గదంతా పంచేవాడు. మంచివాడు. నేనూ ఆ ఆచారానికి సరే అన్నాను. ఎవరి మీదో నింద వేసి లాభం లేదు. సైటుకు పోయే బెడద తప్పిందని లోలోపల సంతోషించాను కూడా. అలా రెండేళ్ళు దాటాయి.

ఒక రోజు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. పర్మనెంటు డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు ఒకటి ఖాళీ. డ్రాయింగులో హయ్యర్ పరీక్ష పాసై ఉండాలి. తన చేత్తో దించిన పన్నెండు షీట్ల జాబితా ఇవ్వాలి. తప్పు చేసి మెమో అందుకున్నవాళ్ళు అర్హులు కారు. హయ్యర్ పాసైన టెంపరరీ ట్రేసర్లం ఇద్దరమే, సాలూరు అన్నయ్యా, నేనూ. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ఇన్నాళ్ళకు అందరికీ కనబడే పోటీ వచ్చిందనుకుని షీట్ల రిజిస్టరు తెరిచాను. దించినవారు అన్న వరసలో అన్నయ్య పొడి సంతకం పేజీల కొద్దీ ఉంది. నాది ఒక్కచోట కూడా లేదు. ఊళ్ళ పేర్లు రాసినవాళ్ళకైతే అసలు వరసే లేదు.

"రెండేళ్ళూ నాను ఏటి సేసినట్టే అక్కా?" అన్నాను.

"జీతం తీసుకున్నావు కదా" అంది.

అక్క కఠినురాలు కాదు. ఏళ్ళ తరబడి తనకు తాను చెప్పుకుంటున్న జవాబే నాకూ చెప్పింది. సాలూరు అన్నయ్యను అడుగుదామని నాలుగుసార్లు లేచాను, నాలుగుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను. ఏమని అడగాలి? నీ సంతకాలు నాకు ఇచ్చెయ్యమని అడగాలా?

ఆ వారంలోనే సైటు నుంచి కబురొచ్చింది. రామతీర్థం అవతల ఒక చెరువుకు కొత్త తూము కడుతున్నారు. దాని పక్కగోడ పునాది జానెడు తప్పుగా తవ్వారు. ఫెర్రో చూసే తవ్వామని మేస్త్రీ అంటున్నాడు. షీటు దించిన మనిషిని షీటుతో సహా పంపమని ఇంజనీరు గారు రాశారు. హెడ్ గారు బీరువాలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచారు. చూడగానే పోల్చుకున్నాను. ఆ షీటు నాది. తప్పూ నాదే.

ఒక బొమ్మ మొదలుపెడితే ఆ పూటే ముగించాలన్నది మా పనిలో మొదటి పాఠం. గాలిలో తడి మారితే గుడ్డ సాగుతుంది. ఆ రోజు గోడ సగం దించి, రైలు టైమవుతోందని లేచి పరుగెత్తాను. రాత్రి వాన కురిసింది. పొద్దున చూస్తే గుడ్డ ఉబ్బి, నిన్నటి సిరా గీతలు కింది పెన్సిలు గీతల మీద కూర్చోవడం లేదు. బొమ్మంతా గీకి మళ్ళీ దించాలి, అది రోజు పని. పక్కన అన్నయ్య అప్పటికే ఇంకో షీటు మొదలుపెట్టేశాడు. వెనకబడతానన్న మంట కొద్దీ నేను ఒక్క గోడగీతను బ్లేడుతో గీకి, కాస్త జరిపి, సర్దేశాను. గీకేటప్పుడు పక్కనున్న కొలత అంకె కూడా పోయింది. సుద్దపొడి రుద్ది నునుపు చేశాను గానీ అంకె తిరిగి వెయ్యడం మరిచిపోయాను. అంకె ఉంటే మేస్త్రీ అంకెనే నమ్మేవాడు. లేదు గనుక నేను జరిపిన గీతను స్కేలుతో కొలుచుకున్నాడు. ఆడవాళ్ళకు పోటీ చేతకాదన్న హెడ్ గారు ఆ పొద్దున నా బుర్రలోకి తొంగిచూసి ఉంటే బాగుండేది.

రెండో గడిలో అన్నయ్య సంతకం ఉంది. అతను షీటు చూశాడు, నా వైపు చూశాడు. "సర్లే సెల్లీ, రేపు నానెల్లొస్తాను" అని మళ్ళీ తన బల్ల దగ్గరికి పోయాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సాయంత్రం నేను సంచీ సర్దుకుంటుంటే హెడ్ గారు పక్కకు పిలిచారు. "అతనికి మెమో తప్పదు. మెమో వచ్చిందంటే పోస్టుకు పనికిరాడు. ఇక మిగిలేది నువ్వే. నీ పేరు మీద షీట్లు లేని సంగతి నేను రాసి చూస్తాను, ఒక్కరే ఉంటే సడలిస్తారు. నువ్వు మాత్రం ఏమీ మాట్లాడకు" అన్నారు. మూడో గడిలో ఆయన సంతకం ఉంది మరి. అంకె లేని సంగతి ఆయనా చూసుకోలేదు. నేను నోరు విప్పితే ఆ సంతకాల ఆచారం బయటపడి ఆయనకూ ఇబ్బందే. టెంపరరీ మనిషికి మెమో అంటే పోస్టు సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఊడవచ్చు.

రైల్లో కూర్చున్నంతసేపూ ఆ పోస్టు నా ఒళ్ళో పెట్టినట్టే అనిపించింది. నేనేమీ చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. నిజం చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. నెల్లిమర్ల దాటేదాకా వేసింది. ఆ తర్వాత అన్నయ్య ఎర్రబడ్డ చెవులు గుర్తొచ్చాయి.

మా అమ్మ వాకిట్లో కూర్చుని వేరుశెనగ కాయలు చెట్ల నుంచి దూస్తోంది. నాన్న పోయాక చేను తనే చూసుకునేది. నేనూ పక్కన కూర్చుని కాయలు దూస్తూ సంగతంతా చెప్పాను.

"ఉండుండు. గీసింది నువ్వా, ఆ గుంటడా?" అంది.

"నానే."

"మరి ఆడి పేరెందుకున్నాది?"

ఆచారం సంగతి చెప్పాను. అమ్మ చేతిలో చెట్టు పక్కన పడేసి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇదేటే గుంటా! సేను మనం దున్నీసి, శిస్తు పక్కోడి పేరున కట్టించినట్టున్నాది. రేపు సేను నాదని ఎలగ సెప్తావు? సదువుకున్నోలు సేసే పనేనా ఇది?"

"ఇప్పుడు సెప్తే ఉద్యోగం పోతాదేమో అమ్మా."

అమ్మ పక్కన పడేసిన చెట్టు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నా జీతం రాకపోతే ఏమవుతుందో తనకూ తెలుసు. "పోతే శానా కష్టమే" అంది. మళ్ళీ నాలుగు కాయలు దూసింది. "గానీ నీ తప్పు ఆ గుంటడి నెత్తిన ఎట్టీసి నువ్వు కుర్చీలో కూకుంటానంటే, ఆ జీతం కూడు నాకొద్దు. సెప్పీ. ఏటవుతాదో సూద్దాం."

నాకు ఏడుపొచ్చింది. మంచి మాట విన్నందుకు కాదు, భయం వేసి ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు, ఇంకో కట్ట చెట్లు నా ముందుకు తోసింది.

మర్నాడు జీపు బయల్దేరబోతుంటే వెళ్ళి ఎక్కేశాను. అక్క వరండాలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఒసే, దిగు. ఒసే నిన్నే, నా మాటిని దిగు" అంటోంది. హెడ్ గారు మెట్ల మీద నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నేను దిగలేదు. అన్నయ్య ఆశ్చర్యంగా చూసి పక్కకు జరిగాడు.

సైటులో గట్టు మీద ఇంజనీరు గారు, మేస్త్రీ నిలబడి ఉన్నారు. కింద పునాది గొయ్యి. తట్టలు మోసే ఆడవాళ్ళు మా కోసం పని ఆపి కూర్చున్నారు. ఇంజనీరు గారు గుడ్డ పరిపించి, గీకిన చోట వేలు పెట్టి, "ఇక్కడి అంకె ఏమైందయ్యా?" అని అన్నయ్యను అడిగారు.

"పొరపాటైపోయిందండీ" అని అన్నయ్య తల దించుకున్నాడు.

"అది నేను గీకానండీ" అన్నాను. "గుడ్డ ఉబ్బితే గీత జరిపాను. అంకె మళ్ళీ వెయ్యడం మరిచిపోయాను. ఈ షీటు దించింది నేను, అతను కాదు."

"మరి ఈ సంతకం?"

చెప్పాను. ఆయనకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కోపం వచ్చింది. "అయితే ఇన్నాళ్ళూ నేను ఎవరి పని చూసి ఎవర్ని మెచ్చుకున్నానో నాకే తెలియదన్నమాట!" అన్నారు. ఎప్పుడో నా షీటు చూసి అన్నయ్యను మెచ్చుకున్నారన్నమాట. అంత భయంలోనూ ఏ షీటై ఉంటుందా అని నా మనసు అటు పోయింది.

గట్టు దిగి గొయ్యి దగ్గరికి వెళ్ళాను. తట్ట బోర్లించి దాని మీద కూర్చున్న ఒక ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఈ గొయ్యి నువ్వు తవ్వించినావేటమ్మా?"

"అవునమ్మా, నానే."

"రెండు రోజులు మోసినాం."

"తప్పయిపోనాది."

"మరైతే బేగి సరిగ్గా గీసియ్యి. వానొచ్చిందంటే మొత్తం పూడిపోతాది" అని లేచి తట్ట నడుముకు పెట్టుకుని పోయింది. అంతే. తిట్టలేదు, నవ్వలేదు. రెండేళ్ళుగా ఆఫీసువాళ్ళందరూ కలిసి నన్ను కాపాడింది ఈ మాటల నుంచా అనిపించింది. ఈ గొయ్యి ముందే చూసి ఉంటే ఆ అంకె మరిచిపోయేదాన్ని కాదు.

తిరుగు ప్రయాణంలో నెల్లిమర్ల దాకా అన్నయ్య చుట్టిన షీటును ఒళ్ళో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, "ఎందుకు నోరిప్పినావు సెల్లీ? నానే తీసుకుందును గదా మెమో" అన్నాడు.

"నీకు పోస్టు పోయేది."

"ఇప్పుడు మటుకు ఏటి మిగిలింది? నా షీట్లన్నీ నావేనా అని అడగరేటి?"

అతని భయం అప్పుడు అర్థమైంది. నాకు జాలి వెయ్యలేదు, ఒళ్ళు మండింది. "నీవి నీవని సెప్పు, నావి నావని సెప్పు. అంతకుమించి నాను ఏటీ అడగను" అన్నాను. జీపు డ్రైవరు అద్దంలోంచి మా ఇద్దర్నీ చూశాడు.

మెమో నాకు వచ్చింది. అజాగ్రత్త అని రాశారు, ఉద్యోగం మాత్రం తియ్యలేదు. దానితోపాటు ఇంజనీరు గారి ఆర్డరొకటి వచ్చింది. ఆడా మగా తేడా లేదు, షీటు ఎవరు దించితే వాళ్ళే రెండో గడిలో పొడి సంతకం పెట్టాలి. మూడు రోజులు ముభావంగా తిరిగిన అన్నయ్య నాలుగో రోజు రిజిస్టరు నా బల్ల మీదికి తెచ్చి, ఎర్రపెన్సిలుతో నా షీట్లన్నిటికీ టిక్కులు పెట్టి, ఇవి ఆమె దించినవి అని కింద రాసి సంతకం చేశాడు. అది చెయ్యడానికి అతనికి ఎంత కష్టమైందో అతని మొహంలో కనబడింది. అయితే రెండు పెద్ద ఆయకట్టు పటాలకు టిక్కు పెట్టలేదు. వేలు పెట్టి చూపించాను. "అవి నానే గీసినట్టు గుర్తు సెల్లీ" అన్నాడు, రిజిస్టరులోకి చూస్తూ. ఎవరు గీశారో ఇద్దరికీ తెలుసు. పోనీలే అని వదిలేశాను. వదిలేశానని అంటున్నాను గానీ, ఇప్పుడు మీకు చెబుతున్నానంటే వదల్లేదనే కదా.

ఆ పోస్టు అతనికే వచ్చింది. నాకు మెమో ఉంది గనుక రాదని తెలుసు. కానీ హెడ్ గారు ఫైల్లో ఇంకో మాట కూడా రాశారని గుమాస్తా చెప్పాడు. పెళ్ళయితే మానేస్తారు, మూడేళ్ళు నిలవని మనిషికి పర్మనెంటు పోస్టు దండగ అని. ఆ రోజు రైల్లో మొహం కిటికీ వైపు తిప్పుకుని చీపురుపల్లి దాకా ఏడ్చాను.

ఆర్డరొచ్చిన రోజు అక్క బల్ల మీద పూర్తయిన షీటొకటి ఉంది. రెండో గడి ఖాళీ. పొద్దుటి నుంచి దాని చుట్టూ తిరుగుతోంది. మధ్యాహ్నం దాటాక ఒక చిత్తు ముక్క తీసుకుని తన అక్షరాలు రెండూ అయిదారుసార్లు రాసుకుంది. "ఎలగ పెట్టేదాన్నో మరిసిపోనాను" అంది నవ్వుతూ. కళ్ళల్లో మాత్రం నీళ్ళు. తర్వాత గడిలో పెట్టి, సిరా ఆరేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆ ఏడాదిలో రెండుసార్లు సైటుకు వెళ్ళింది. ఇంట్లో వాళ్ళు గొణిగితే, నాదేముంది, ఆఫీసు ఆర్డరు అనేసిందట. ఆ ఆర్డరు కాగితం సంచీలో పెట్టుకు తిరిగేది.

అన్నయ్య పద్నాలుగు నెలలకే ఉద్యోగం వదిలేశాడు. విశాఖపట్నంలో ఇంకా పెద్ద జీతం దొరికింది. తప్పేం లేదు, వెళ్ళేరోజు గదంతా మిఠాయి పంచాడు. నాకు రెండు పెట్టాడు. ఆ తర్వాత కూడా ఆ గదిలోకి మగవాళ్ళు వచ్చారు, పోర్టుకని, మిల్లులకని, భిలాయికని వెళ్ళారు. నేను పెళ్ళి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను, తలనెరిసేదాకా ఆ ఆఫీసులోనే ఉన్నాను. మూడేళ్ళు నిలవని మనిషిని నేనే అని అప్పుడప్పుడూ గుర్తు చేసుకుని ఒంటరిగా నవ్వుకునేదాన్ని.

ఖాళీ అయిన ఆ పోస్టుకు మళ్ళీ నోటీసు పడింది. మెమో గడువు ఏడాదే, నాది అప్పటికి తీరిపోయింది. ఈసారి పన్నెండు షీట్ల కోసం వెతుక్కోవలసిన పని లేదు. ఏవి వదిలెయ్యాలన్నదే నా సమస్య. జాబితా రాసి హెడ్ గారికి ఇస్తే, మొదటి పేరు చూసి ఆయన కళ్ళజోడు పైకెత్తారు. "ఆ తూము షీటా? అమ్మాయ్, నీకు మతి ఉందా? అంత మంచివి ఉండగా అది ఎందుకు?" అన్నారు. ఉండనివ్వండి అన్నాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు ఇంజనీర్లు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన మొదటి షీటు వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. గీకిన చోట గుడ్డ పల్చబడి వెలుతురు వస్తోంది.

"ఇందులో తప్పుంది కదమ్మా" అన్నారు.

"ఉందండీ. అందుకే ముందు పెట్టాను. మిగతా పదకొండూ నేనే గీశానా అని మీకు అనుమానం రావచ్చు. ఇది నాదని మాత్రం ఆఫీసే నాకు మెమో రాసిచ్చింది."

ముందు చివరనున్నాయన నవ్వాడు, తర్వాత ముగ్గురూ నవ్వారు. మధ్యనున్నాయన గుడ్డను జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టి, రెండో షీటు తీసి, మూలనున్న గడి దగ్గరికి కళ్ళు తీసుకెళ్ళి, అక్కడున్న నా రెండు అక్షరాలూ చదివి, "ఇది ఎన్ని రోజులు పట్టిందమ్మా?" అని అడిగారు.